గురువారం తొమ్మిది గంటల ఎండ

ముల్లక్కకి యాభై ఏడేళ్ళు. డ్యూటీకి రాగానే చేతి గడియారం విప్పి సొరుగులో పడేస్తుంది, దిగిపోయేటప్పుడు మళ్ళీ కట్టుకుంటుంది. ఎందుకలా అని కొత్తవాళ్ళు అడిగితే, "ఈ గదిలో ఇప్పటికే రెండు టైములున్నాయి. మూడోదాన్ని మోసే ఓపిక నాకు లేదు" అంటుంది.

ఆ గది నీళ్ళ ఆఫీసు కింది అంతస్తులో ఉంది. తూర్పున ఒక కిటికీ, పడమర ఒక కిటికీ, మధ్యలో బల్లలు, బల్లల మీద తెరలు. ఊళ్ళో ఉన్న పదకొండు ట్యాంకులూ వాటి పంపులూ ప్రతి పది సెకన్లకీ తమ సంగతి ఆ గదిలోని యంత్రానికి చెప్పుకుంటాయి. నీటిమట్టం ఎంత, ఒత్తిడి ఎంత, తిరుగుతున్నానా ఆగానా అని. యంత్రం అన్నీ దాచుకుంటుంది కానీ తనంతట తాను నోరు విప్పదు. దాని భాషలో అడగాలి.

ఆ భాషలో కాలానికి సంబంధించిన మాటలు ఓ పది ఉంటాయేమో. గంట అడిగితే గంట చెబుతుంది. నెల అడిగితే నెల. ఈ నెలకి ఎన్ని రోజులంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోకుండా చెప్పేస్తుంది. ఏ వారమని అడిగితే మాత్రం పేరు చెప్పదు, అంకె చెబుతుంది. సోమవారం ఒకటి, గురువారం నాలుగు, ఆదివారం సున్నా.

"ఎవడో పెళ్ళయినవాడే రాసుంటాడు" అనేది ముల్లక్క. "ఆదివారం ఇంట్లో ఆడదానికి దొరికే విశ్రాంతి ఎంతో సరిగ్గా లెక్కగట్టాడు."

ఇవన్నీ కాక 'వెనక్కి' అనే మాట ఒకటుంది. వారం వెనక్కి, పది రోజులు వెనక్కి అని ఎంత చెబితే అంత వెనకటి లెక్క గీతలా తెర మీదికి వస్తుంది. లెక్కతోపాటు అప్పటి గాలి కూడా గదిలోకి వస్తుంది. ఆ వేళ వెలుగు, ఆ వేళ చప్పుడు, ఆ వేళ వాసన. మనుషులు రారు. గీత తెర మీద ఉన్నంతసేపూ ఉండి, తీసేయగానే పోతాయి. చలికాలం లెక్కలు చూడాల్సివచ్చినప్పుడు కప్పుకోవడానికి కుర్చీ వెనక ఒక శాలువా ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. గది తుడిచే అత్తకి మాత్రం ఈ పద్ధతి బొత్తిగా గిట్టదు.

"పోయిన బుధవారం వాన పోయిన బుధవారమే తుడిచాను కదే! మళ్ళీ ఎవత్తె తెచ్చిపెట్టింది?" అని చీపురు నేలకేసి కొట్టేది.

"నేనే అత్తా. పంపులో నీళ్ళు దూరాయేమో చూస్తున్నా."

"చూడు, చూడు. పంపులో దూరాయో లేదో గానీ నా నడుములో దూరాయి."

ఇక ఆ రెండు టైముల సంగతి. యంత్రాన్ని తయారుచేసినవాళ్ళు ప్రపంచమంతటికీ కలిపి ఒకే టైము పెట్టుకున్నారు. అది ఈ ఊరి టైముకి ఆరు గంటలు వెనక. ఇక్కడ పొద్దున్న ఆరయితే దానికి సున్నా. ఇక్కడ మధ్యాహ్నం మూడయితే దానికి తొమ్మిది. తెర కింది గడియారం ఊరి టైమే చూపిస్తుంది కానీ, 'గంట ఎంత' అని దాని భాషలో అడిగితే మాత్రం అది తన గంటే చెబుతుంది. అందుకని ప్రశ్న రాసేటప్పుడే ఆరు గంటల సెకన్లు కలుపుకోవాలి. ఇరవై ఒక్క వేల ఆరు వందలు. ఈ గదిలో కూర్చునేవాళ్ళకి ఆ అంకె సొంత పిల్లల పుట్టినరోజుల కన్నా బాగా గుర్తుంటుంది. పై అంతస్తులో కూర్చునేవాళ్ళకి తెలియదు. వాళ్ళకి కావలసింది కాయితం. కాయితానికి గాలి ఉండదు.

ఈ అంకె ముల్లక్కకి నేర్పింది పెద్దక్క. ముల్లక్క అని పేరు పెట్టింది కూడా ఆవిడే. ముల్లక్క ముప్ఫై మూడేళ్ళప్పుడు, ఇద్దరు పిల్లల్ని పక్కింటావిడకి అప్పగించి టెంపరరీగా చేరింది. మొదటిరోజే మీటరు తప్పు చదివిందని ఒక ఇంజనీరు వేళాకోళం చేస్తే, ఆయన చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్న సంగతి అందరి ముందూ చెప్పింది. పెద్దక్క పగలబడి నవ్వి, "ముల్లువే నువ్వు" అంది. అంతే. ఇంట్లో పెట్టిన పేరు రేషను కార్డుకి పరిమితమైపోయింది.

పెద్దక్క పొద్దున్న షిఫ్టు. సరిగ్గా ఆరింటికి తలుపు తోసుకుని వచ్చేది. తలస్నానం చేసిన జుట్టు ఆరకుండానే ముడివేసుకుని, ఒక చేత్తో చెప్పులు విడుస్తూ, ఇంకో చేత్తో తెర వెలిగిస్తూ. తొమ్మిదేళ్ళు ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. ఒకరి పిల్లల జ్వరాలు ఇంకొకరికి తెలుసు. ఒకరి మొగుడి కోపాలు ఇంకొకరికి కంఠతా వచ్చు.

ఒక వేసవిలో దిగువ ట్యాంకు వాల్వు ఎవరో తెరిచి వదిలేశారు. వీధులు మునిగాయి. యంత్రం ఎనిమిదింటికి అని చెప్పింది. ఎనిమిదంటే పెద్దక్క షిఫ్టు. "అది యంత్రం ఎనిమిది సార్, మనకి రెండు. రెండింటికి నేను దిగిపోయాను" అని పెద్దక్క మొత్తుకుంది. అప్పటి ఛీఫ్ ముల్లక్కని పైకి పిలిపించాడు. ఆయన బల్ల మీద ఆమె ఉద్యోగం పర్మనెంటు చేసే కాయితం ఉంది, సంతకం కాకుండా.

"యంత్రం టైమూ మన టైమూ ఒకటేనా కాదా? ఒక్క మాటలో చెప్పు."

"ఒకటే సార్" అంది ముల్లక్క. ఆ మాట కింద సంతకం కూడా పెట్టింది.

పెద్దక్క ఉద్యోగం పోయింది. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. చనిపోయి కూడా ఆరేళ్ళయింది.

యంత్రం పది సెకన్ల లెక్కల్ని పదిహేను రోజులే ఉంచుతుంది. తర్వాత రోజుకి ఒక్క చుక్క మిగిల్చి, తక్కినదంతా చెరిపేస్తుంది. ఆ చుక్క దాని సున్నా గంటది, అంటే ఇక్కడి పొద్దున్న ఆరుది. కొన్నేళ్ళ కిందట ఆ పాత చుక్కలు కూడా తీసెయ్యమని పైనుంచి ఆర్డరు వచ్చింది. ప్రతి ఆపరేటరుకీ యంత్రంలో సొంతంగా ఒక చిన్న అర ఉంటుంది. ముల్లక్క ఎవరికీ చెప్పకుండా అప్పటిదాకా ఉన్న తన చుక్కలన్నీ ఆ అరలోకి మార్చుకుని, తర్వాతివీ చేరుస్తూ వచ్చింది. ఇప్పటికి ఇరవై నాలుగేళ్ళవి. అర నిండిపోయింది.

శుక్రవారాలు మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఆమె వెనక్కి అడిగేది. ఇరవై ఏళ్ళు వెనక్కి. పంతొమ్మిదేళ్ళు వెనక్కి. ఒక్కో చుక్కలో ఒక్క ఊపిరికి సరిపడా గాలే మిగిలి ఉండేది. తలుపు కిర్రుమనేది. తడిజుట్టు వాసన వచ్చేది. ఒక చెప్పు నేలమీద పడేది. రెండోది పడేలోగా ఆ రోజు అయిపోయేది. ఎన్ని పొద్దులు తిరగేసినా పెద్దక్క లోపలికి వస్తూనే ఉంటుంది, ఒక్కనాడూ కుర్చీలో కూర్చోదు. ఒక్క పొద్దులో మాత్రం గొంతు దొరికింది. "ఏమే ము—" అన్నంతవరకు. ముల్లక్క దాన్ని ఎక్కువసార్లు తీసేది కాదు, అరిగిపోతుందేమోనని.

అలా ఉండగా కొత్తపిల్ల వచ్చింది. ఇరవై ఆరేళ్ళు, చంకలో నాలుగు నెలల పాప. అత్తగారింటి నుంచి ఒక సంచీతో బయటపడి, ఈ ఉద్యోగం ఉందన్న ధైర్యంతోనే ఆడవాళ్ళ హాస్టల్లో గది తీసుకుంది. పాప మెట్లకింద శిశుగృహంలో ఉండేది. తొమ్మిదింటికి ఒకసారి వెళ్ళి పాలిచ్చి ఇరవై నిమిషాల్లో వచ్చేది. ఆ ఇరవై నిమిషాలూ ముల్లక్క రెండు తెరలూ చూసేది.

"రూలు ఒప్పుకుంటుందా అక్కా?" అని మొదట్లో భయపడింది.

"రూలు రాసినవాడికి పాలు రాలేదులే. వెళ్ళు" అంది ముల్లక్క.

ఒక గురువారం సాయంత్రం కొండమీది ఆసుపత్రిలో కుళాయిలు ఎండిపోయాయి. పురుళ్ళ వార్డులో చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేక, రెండు ఆపరేషన్లు ఆపేశారు. ఊరంతా గొడవ. కొండ ట్యాంకుకి నీళ్ళెక్కించే పంపు ఎప్పుడో ఆగిపోయిందనీ, హెచ్చరిక గంట మోగిమోగి ఆగినా ఎవరూ పట్టించుకోలేదనీ తేలింది. ఎప్పుడు? ఛీఫ్ తానే స్వయంగా యంత్రాన్ని అడిగి కాయితం తీశాడు. గంట, తొమ్మిది.

తొమ్మిదింటికి కొత్తపిల్ల కుర్చీలో లేదు. ముల్లక్క కూడా ఆ రోజు సెలవు. శిశుగృహం పుస్తకంలో కొత్తపిల్ల సంతకం ఉంది, తొమ్మిదీ అయిదు అని. రెండింటికి షిఫ్టుకి వచ్చిన మీసాలాయన, "నేనొచ్చేసరికే పంపు ఆగుంది సార్. రిపేరేమో అనుకున్నా" అని రాసిచ్చాడు. కొత్తపిల్లని డ్యూటీ నుంచి పక్కన పెట్టారు. హాస్టలు గది నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు.

"మళ్ళీ ఆ అత్తగారింటి గుమ్మం ఎక్కాలా అక్కా?" అంది. ఏడవలేదు. పాప దుప్పటి మడతపెట్టి విప్పి మళ్ళీ మడతపెట్టింది.

ముల్లక్క పై అంతస్తుకి వెళ్ళింది.

"సార్, మీ కాయితంలో తొమ్మిది యంత్రం తొమ్మిది. మనకి మధ్యాహ్నం మూడు."

"తొమ్మిదంటే తొమ్మిదేనమ్మా" అన్నాడు ఛీఫ్. పాపం, చెడ్డవాడు కాదు. తెలియని సంగతిని తెలియదని ఒప్పుకోవడం అలవాటు లేనివాడు. "మన ఊరి యంత్రం, మన ఊరి కరెంటు. టైము మాత్రం పరాయిదా?"

"ఒక్కసారి కింది గదికి రండి సార్. ఆ ఘడియ తెప్పిస్తాను."

"విచారణ రోజున వస్తాను. అప్పటిదాకా నేను కలగజేసుకోకూడదు. రూలు."

"విచారణ ఎప్పుడు సార్?"

"ఆ రోజు నుంచి పద్దెనిమిదో రోజు. సోమవారం."

"పదిహేను దాటితే ఆ గురువారం మిగలదు సార్. పొద్దున్న ఆరు చుక్క ఒక్కటే మిగులుతుంది."

"కాయితం ఉందిగా" అన్నాడు ఛీఫ్, కాయితాన్ని ఆప్యాయంగా తట్టి. "అయినా రెండు నెలల్లో రిటైరవుతున్నావు. ఇదంతా నీకెందుకు చెప్పు?"

ముల్లక్క మెట్లు దిగుతూనే మిగిలిన రోజులు లెక్కపెట్టుకుంది.

గురువారాన్ని దాచాలి. బయటి డిస్కులోకి ఎక్కిస్తే అంకెలొస్తాయి, గాలి రాదు. అంకెలు ఛీఫ్ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. కొత్తపిల్ల అర మూసేశారు. మీసాలాయన అర అడగడం కన్నా గోడకి చెప్పుకోవడం నయం. మిగిలింది తన అర. లెక్క వేసింది. పది సెకన్లకి ఒకటి చొప్పున, రోజుకి ఎనిమిది వేల ఆరు వందల నలభై లెక్కలు. ఇరవై నాలుగేళ్ళకి ఎనిమిది వేల ఏడు వందల అరవై పొద్దులు. ఒక్క గురువారాన్ని పెట్టాలంటే ఇరవై నాలుగేళ్ళనీ తీసెయ్యాలి. మళ్ళీ వేసింది. కూడిక తప్పితే బాగుండుననుకుంది. తప్పలేదు.

వారమంతా వాయిదా వేసింది. చివరి రోజు వచ్చింది. అదీ గురువారమే. మర్నాడు పొద్దున్న ఆరు కొట్టగానే యంత్రం ఆ పాత గురువారాన్ని తినడం మొదలుపెడుతుంది.

రెండింటికి షిఫ్టు దిగినా ఆమె ఇంటికి వెళ్ళలేదు. గోడవారన ఖాళీ తెర ముందు కూర్చుని, మొదటి పొద్దు నుంచి వరసగా తీసింది. తలుపు. తడిజుట్టు. ఒక చెప్పు. తలుపు. తడిజుట్టు. ఒక చెప్పు. వానాకాలం వస్తే గొడుగు దులిపిన చప్పుడు. చలికాలం వస్తే చిన్న దగ్గు. పరీక్షల రోజుల్లో ఒకసారి కాగితాల గలగల, కూతురి పుస్తకం ఏదో పొరపాటున సంచీలో వచ్చినట్టుంది. ఒక పొద్దులో తెలియని అత్తరు వాసన. అది పెద్దక్క తమ్ముడి పెళ్ళి మర్నాడని ముల్లక్కకి గుర్తొచ్చింది. ఇద్దరూ ఆ అత్తరు గురించి వారంపాటు నవ్వుకున్నారు.

అత్త చీపురు పట్టుకుని వచ్చి, గుమ్మంలో ఆగింది.

"పెద్దదాని వాసన కదే ఇది!"

"అవునత్తా."

"ఇన్నాళ్ళూ దాచుకున్నావా? నాకొక్కసారైనా చెప్పలేదే!" అంటూ అత్త చీపురు గోడకి ఆనించి, నేలమీద చతికిలబడింది. గొడుగు నీళ్ళు చీరకి తగిలినా ఏమీ అనలేదు. ఇద్దరూ తొమ్మిదేళ్ళ పొద్దులూ చూశారు. మూడు వేల పైచిలుకు ఊపిర్లు. గంటన్నర పట్టింది. ఆ తర్వాతి పదిహేనేళ్ళ పొద్దుల్లో ఎవరెవరో వస్తారు. అవి చూడలేదు.

"ఏమే ము—" పొద్దు వచ్చినప్పుడు అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకోసారి తియ్యవే."

"వద్దత్తా. తీస్తే చెరపలేను."

ముల్లక్క తన అర మొత్తం చెరిపేసింది. నిజంగా చెరపాలా అని యంత్రం రెండుసార్లు అడిగింది. ఇంట్లోవాళ్ళు కూడా ఆమెని ఏ విషయంలోనూ రెండుసార్లు అడిగింది లేదు. రెండుసార్లూ ఔననే చెప్పింది. ఖాళీ అయిన అరలోకి ఆ గురువారాన్ని ఎక్కించింది. గది ఉత్త ఫినాయిలు వాసన వేసింది.

సోమవారం పదింటికి విచారణ. ఛీఫ్ ఫైలుతో కిందికి వచ్చాడు. తూర్పు కిటికీ ఎండ బల్లమీద పరుచుకుని ఉంది. కొత్తపిల్ల పాపని ఎత్తుకుని గోడ పక్కన నిలబడింది. మీసాలాయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. అత్త తుడిచిన బల్లనే తుడుస్తోంది.

"ఆరు గంటలు అటూ ఇటూ జరిపే గారడీలేవీ వద్దమ్మా" అన్నాడు ఛీఫ్ ముందుగానే.

"జరపను సార్. మీ కాయితం మీద ఉన్న ప్రశ్నే, అక్షరం మార్చకుండా అడుగుతాను. మీరే చదవండి."

ఛీఫ్ చదివాడు. వారం, నాలుగు. గంట, తొమ్మిది. కొండ పంపు. ముల్లక్క తన అర తెరిచి అదే కొట్టింది.

తూర్పు ఎండ బల్లమీద నుంచి తప్పుకుంది. పడమటి కిటికీలోంచి ఏటవాలుగా, పసుప్పచ్చగా, వేడిగా మరో ఎండ వచ్చి సరిగ్గా ఛీఫ్ మొహం మీద పడింది. ఎదురు బడి గంట గణగణమంది. ఇంటికి పరిగెడుతున్న పిల్లల కేకలు వినిపించాయి. వాటి మధ్య హెచ్చరిక గంట కీచుమంటూ ఆగకుండా మోగుతోంది. ఛీఫ్ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అబ్బ! ఆ పరదా వెయ్యమ్మా."

"ఏ కిటికీకి సార్?" అంది అత్త, కదలకుండా.

"పడమటి కిటి—" అని ఛీఫ్ ఆగిపోయాడు.

చెయ్యి దించి ఎండ వంక చూశాడు. కాయితం వంక చూశాడు. కాయితం మీద తొమ్మిది అలాగే ఉంది.

"ముప్ఫై ఏళ్ళనుంచీ ఈ గది తుడుస్తున్నా సార్" అంది అత్త. "పొద్దున్న తొమ్మిదింటికి ఆ కిటికీలో ఎండ పడగా నేనైతే చూళ్ళేదు. పైన మీకు పడుతుందేమో."

గంట ఇంకా మోగుతోంది. దాని కింద ఇంకో చప్పుడు, లోతుగా, తీరుబడిగా, మధ్యమధ్య ఈలతో. అందరూ చెవులు రిక్కించారు. గురక. అది ఆ కుర్చీలోంచే వస్తోంది. కుర్చీలో మీసాలాయన కళ్ళు పెద్దవి చేసుకుని, మెలకువగా, నోరు గట్టిగా మూసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన చుట్టూ ఆయన గురకే తిరుగుతోంది.

"జలుబు సార్" అన్నాడు చివరికి. "ఆ రోజు కొంచెం జలుబు."

పాప కిలకిలా నవ్వింది. దానికి ఆ ఈల నచ్చింది.

కొత్తపిల్ల మంగళవారం డ్యూటీలో చేరింది. హాస్టలు గది నిలిచింది. తొమ్మిదింటి ఇరవై నిమిషాలకి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు, అది తమ ఔదార్యమే అన్నట్టు పెద్ద అక్షరాలతో. మీసాలాయన గిడ్డంగికి వెళ్ళాడు. అదే తప్పు ఆడది చేస్తే శిక్ష అంటారు, మగవాడు చేస్తే బదిలీ అంటారు. ఛీఫ్, యంత్రాన్ని అడిగే ప్రశ్నలన్నిట్లోనూ ఇరవై ఒక్క వేల ఆరు వందలు కలపమని సర్క్యులరు పంపాడు, తానే కనిపెట్టినట్టు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళారు. ముల్లక్క అలవాటుగా తెర ముందు కూర్చుని, అడగడానికి ఏమీ లేక, వేళ్ళు బల్లమీద పెట్టుకుని ఉండిపోయింది. కొత్తపిల్ల డబ్బా తెచ్చుకుని పక్క కుర్చీలో కూర్చుంది.

"అక్కా, నా గురువారం కోసం నీ అరలో ఏదో తీసేశావట. అత్త చెప్పింది. ఏముండేదక్కా అందులో?"

"ఒకామె" అంది ముల్లక్క. "లోపలికి వస్తూ ఉండేది."

"ఎవరు?"

"తిను ముందు. చల్లారిపోతోంది."

కొత్తపిల్ల తినలేదు. ఎదురుచూసింది. అప్పుడు ముల్లక్క చెప్పింది. తలస్నానం దగ్గర మొదలుపెట్టి, అత్తరు దాకా, వాల్వు దాకా. 'ఒకటే సార్' దగ్గర ఆగింది. ఆ మాట ఇంతవరకు ఎవరి ముందూ అనలేదు. అన్నాక, కొత్తపిల్ల తన మొహం వంక చూడకుండా డబ్బా మూత పెట్టడం గమనించింది. ఓదార్చలేదు. ముల్లక్కకి అదే మంచిదనిపించింది.

రెండు నెలలకి ముల్లక్క రిటైరయింది. దండ వద్దని చెప్పి, ఆ మర్నాడే పెద్దక్క ఫైలు మళ్ళీ తెరవమని అర్జీ పెట్టింది. అబద్ధపు సాక్ష్యం ఎవరిదన్న చోట తన అసలు పేరు రాసి సంతకం చేసింది. ఆమె పింఛను పదకొండు నెలలు ఆపేశారు. అర్జీ మాత్రం వెనక్కి తీసుకోలేదు.